దండ పడ్డ తాతబ్బాయి గారు

గోడ మీద ఫోటోకి దండ పడిందంటే ఆ ఫోటోలోని మనిషి ఇక లేడని మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియడానికే ఇంతకాలం పట్టింది. తెలిశాక మాత్రం వదిలిపెట్టలేదు.

కనిపెట్టినవారు మా వేమలంక పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనరు కమలనాభం గారు. పోయినవాళ్ళ పేరు మీద పింఛన్లూ బియ్యమూ తీసుకుంటున్నవాళ్ళు మా ఊళ్ళో మరీ ఎక్కువైపోయారని ఆయనకి పైనుంచి అక్షింతలు పడ్డాయి. ఇంటింటికీ మనుషుల్ని పంపి అడిగిస్తే, "మా నాన్నగారా? ఇప్పుడే అలా బజారుకెళ్ళారండీ" అన్నారు. అలా బజారుకెళ్ళినవాళ్ళలో కొందరు పుష్కరం కిందట కూడా బజార్లోనే ఉన్నారు. చివరికి కమలనాభం గారే స్వయంగా బయల్దేరి ఒక ఇంట్లో కాఫీ తాగుతూ తలెత్తి చూస్తే, బజారుకెళ్ళిన పెద్దాయన గోడ మీద గంధపు దండ వేసుకుని నవ్వుతున్నాడు. అంతే, ఆయనకి జ్ఞానోదయమైంది.

మర్నాడు నాకు కబురొచ్చింది. నా పేరు రాంపండు. సినిమాహాలు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో నాదే. వేమలంకలో ఎవరి గోడ మీద ఎవరు వేలాడుతున్నా చాలామటుకు నా చేతి మీదుగా వెళ్ళినవాళ్ళే. పాస్‌పోర్టు సైజు ఫోటో పట్టుకొచ్చి, "పదకొండో రోజుకి పెద్దది చేసిపెట్టండి ఫోటోగారూ" అంటారు. చేసిపెడతాను. చొక్కా లేనివాడికి కోటు తొడుగుతాను, సగం మూసుకున్న కళ్ళు తెరిపిస్తాను. బతికుండగా ఒక్కనాడూ తల దువ్వని మనిషి కూడా నా దగ్గరికొచ్చాక పాపిడి తీసుకుని స్వర్గానికి వెళతాడు.

"మనిషి అబద్ధమాడతాడు," అన్నారు కమలనాభం గారు, చేతిలో ఫోను మీంచి కళ్ళెత్తకుండానే. "ఫోటో అబద్ధమాడదు. దృశ్యమే సత్యం. ఇకమీదట మన విధానం ఇదే."

పెళ్ళిచూపుల ఫోటోల్లో ఎత్తుపళ్ళు సర్ది, బట్టతలలకి జుట్టు మొలిపించి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. ఆ మాటకి గౌరవంగా తలూపాను.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. "క్షేత్రస్థాయిలో ప్రతి నివాస గృహము యొక్క గోడలను ఛాయాచిత్రీకరించి, దండ కలిగిన చిత్రములందలి వ్యక్తులను మృతులుగా పరిగణించి, తదనుగుణముగా తగు చర్య గైకొనవలెను." ఫోటోలు తీసే పని నాకు అప్పగించారు. దానికి 'దివ్యదృష్టి' అని ఒక ప్రత్యేకమైన ఫోను ఇచ్చారు. దాన్ని గోడకేసి చూపిస్తే చాలు, ఫోటోలోని మొహాన్ని ఊళ్ళోవాళ్ళ కార్డుల్లో ఫోటోలతో పోల్చుకుని, దండ కనబడితే గుడిగంటలా ఒకసారి ఠంగుమంటుంది. మనిషి పోయినట్టు. పింఛను, రేషను, ఓటు, కుళాయి, అన్నీ ఆ ఒక్క ఠంగుతో కొట్టేస్తారు.

"మీరు ఆలోచించవలసిన పని లేదు," అన్నారు కమలనాభం గారు. "అటు తిప్పితే చాలు. చూసేది యంత్రం."

నా వృత్తిలో అంతకన్నా సుఖమైన మాట నేనెప్పుడూ వినలేదు.

మొదటి ఇంట్లోనే వేంకటేశ్వరస్వామి పోయారు. ఆ పక్కింట్లో లక్ష్మీదేవి, వినాయకుడు ఒకేసారి. ఆ వీధి చివరికి వెళ్ళేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. పరుగున వెళ్ళి చెప్పాను. కమలనాభం గారు కంగారు పడే మనిషి కారు. "దేవతలు పురపాలక సంఘ పరిధిలో స్థిర నివాసులు కారు గనుక, సదరు మరణములు మన లెక్కలోకి రానేరవు" అని వివరణ రాయించారు.

మూడోరోజు చైర్మన్ గారు పోయారు. ఆ రోజే ఆయన పుట్టినరోజు. ప్రహరీ గోడకి ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టి, అభిమానులు క్రేను తెప్పించి బత్తాయిల దండ ఒకటి దానికి వేశారు. ఆ వీధిన పోతూ నేను ఫోను అటు తిప్పాను. ఠంగుమంది. మా పురపాలక సిబ్బంది అలసత్వం లేనివాళ్ళు. చైర్మన్ గారు కేకు కోస్తుండగానే కుళాయి కట్టేశారు.

దాని మీద అరగంటలో సవరణ వచ్చింది. "క్రేను సహాయమున వేయబడిన దండలు మరణ సూచకములుగా పరిగణింపబడవు." కాబట్టి మా ఊళ్ళో క్రేను తెప్పించుకునే స్తోమత ఉన్నవాడికి చావు లేదు. మిగతావాళ్ళ సంగతి యథాప్రకారం.

ఈలోగా ఊళ్ళో జనం ఊరుకుంటారా? నేను ఒక వీధిలో ఉంటే పక్క వీధిలో గోడలు బోసిపోయేవి. తాతలూ ముత్తాతలూ దండలతో సహా అటకలెక్కారు, మంచాల కిందికి దూరారు. మా స్టూడియో వెనక వీధిలో లోవమ్మ అని ఒకావిడ ఉంది. వాళ్ళాయన గవర్రాజు పోయి రెండేళ్ళు. ఆవిడ విధవ పింఛనుకి దరఖాస్తు పెట్టుకుని చెప్పులరిగేలా తిరిగి, అది మంజూరయ్యేలోపు తనే పోయేలా ఉన్నానని విసుగెత్తి ఊరుకుంది. ఆయన వాటా బియ్యమైనా పోకూడదని, నేను వెళ్ళేసరికి గవర్రాజు ఫోటోని బియ్యం డ్రమ్ములో దాచేసింది. గోడ మీద క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఫోటో లేదు, దండ లేదు. అంటే మనిషి ఉన్నట్టే. దివ్యదృష్టి గవర్రాజుని 'సజీవుడు' అని నమోదు చేసుకుంది. ఆయన ఫోటో పెద్దది చేసిచ్చింది నేనే. అయినా నా పని గోడ చూపించడం వరకే కదా.

ఆ పక్కిల్లే తాతబ్బాయి గారిది.

యర్రంశెట్టి తాతబ్బాయి గారు కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. తుఫానొచ్చి ఊరంతా చీకటైపోతే స్తంభమెక్కి వెలుగు తెచ్చిన మనిషి. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయి, ఎదురుగా ఎవరొచ్చారో గొంతు వింటేగానీ తెలియదు. తన ఇంటి గడపే తను తడుముకుంటారు. ఆ సోమవారం హైస్కూల్లో ఉచిత కంటి శిబిరం పెడుతున్నారు. ఆయన పేరు జాబితాలో ఉంది. ఆయన భార్య చక్రవేణమ్మ గారు ఆ సోమవారం కోసం చూసినట్టు తన పెళ్ళికోసం కూడా చూసి ఉండరు. నల్ల కళ్ళద్దాలు కూడా ముందే కొని పెట్టుకున్నారు.

వాళ్ళ ముందుగదిలో గోడ మీద ఉన్నది రిటైర్మెంటు సన్మానం ఫోటో. తీసింది నేనే. మోకాళ్ళ దాకా గులాబీల దండ, భుజాన శాలువా, మెలేసిన మీసం. నా జీవితంలో అంత మంచి ఫోటో మళ్ళీ తీయలేదు. దాన్ని చూసుకునే సంబరంలో ఫోను అటు తిప్పేశాను. ఠంగుమంది.

"ఏవిటండీ అది మోగిందీ?" అన్నారాయన నావైపు తిరిగి.

"మీరు పోయారండీ," అన్నాను.

"ఎప్పుడూ?"

"ఇప్పుడేనండి."

చక్రవేణమ్మ గారు వంటింట్లోంచి కేకేశారు. "ఎవరు పోయారంట?"

"నేనేనంట!"

"పోతే పోదురుగాని, ఉప్మా చల్లారిపోతంది. తినేసి పొండి."

ముగ్గురం నవ్వుకున్నాం. నేను కూడా ఉప్మా తిన్నాను. శనివారం శిబిరం వాళ్ళు ఇంటికొచ్చి, జాబితాలో ఆయన పేరు కొట్టేశామనీ, దివంగతుడి ఆత్మకి శాంతి కలగాలనీ చెప్పి వెళ్ళారట. అప్పుడు ఆగింది నవ్వు. ఆ శిబిరం మళ్ళీ ఎన్నేళ్ళకొస్తుందో ఎవరికీ తెలియదు. బయట చేయించుకునే తాహతు వాళ్ళకి లేదు.

మొగుణ్ణి చెయ్యి పట్టుకుని చక్రవేణమ్మ గారు నా స్టూడియోకి వచ్చారు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ముగ్గురం కలిసి ఆఫీసుకి వెళ్ళాం.

కమలనాభం గారు మాకేసి ఫోను ఎత్తిపట్టి, అందులోంచే చూశారు. ఆయన ఎవరినైనా అలాగే చూస్తారు.

"ఈయన తాతబ్బాయి గారండీ," అన్నాను.

"తాతబ్బాయి మరణించారు."

"బతికే ఉన్నానండి బాబూ," అన్నారు తాతబ్బాయి గారు.

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. కార్యాలయం దృశ్య సాక్ష్యాన్ని మాత్రమే స్వీకరిస్తుంది."

"ఆ దండ ఫోటోకి వేసింది కాదండీ," అన్నాను. "ఫోటోలో ఆయన మెడలో ఉన్నది. సన్మానం దండ."

"దండ మెడలో ఉందా, పటం మీద ఉందా అన్నది పండితుల చర్చకు సంబంధించిన విషయం. యంత్రం దండను చూసింది."

చక్రవేణమ్మ గారు చేతులు జోడించారు. "అయ్యా, మడిసికి చూపు లేదు. సోమారం ఆపరేషను. ఆ ఒక్కటీ అయిపోనివ్వండి, తరవాత మీ ఇష్టం, చంపుకోండి."

"మృతులకు చూపు కల్పించు పథకమేదీ ప్రస్తుతానికి మన వద్ద లేదమ్మా," అన్నారాయన జాలిగా. ఆయన జాలి నిజమైనదే. చెడ్డమనిషి కాడు. కాకపోతే మనిషిని చూడ్డం మానేశాడు.

నాకు రోషమొచ్చింది. స్టూడియోకి వెళ్ళి, ఆ సన్మానం ఫోటోలోంచి దండ తీసేశాను. కంప్యూటర్లో గులాబీ తర్వాత గులాబీ చెరిపి, కింద చొక్కా గుండీలు మళ్ళీ కుట్టాను. పటం కట్టి గోడకి తగిలించి, ఫోను అటు తిప్పాను. ఈసారి ఠంగు మోగలేదు. సైరన్ మోగింది. ఊరివాళ్ళంతా దండలు పీకేస్తున్నారని తెలిసి, కమలనాభం గారు ఆ ఉదయమే ఇంకో ఉత్తర్వు వేశారట. దండ లేకుండా గోడకెక్కిన ముసలివాళ్ళందరూ 'మరణమును కప్పిపుచ్చు దురుద్దేశముతో దండ తొలగింపబడిన' వాళ్ళ కింద లెక్క. దండ ఉంటే పోయినట్టు, లేకపోతే పోయిన సంగతి దాచినట్టు. పటమే తీసేద్దామంటే సాక్ష్యం మాయం చేసినట్టు. తాతబ్బాయి గారికి గోడ మీద బతికే దారి లేకుండా పోయింది.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. ఈసారి కమలనాభం గారే మమ్మల్ని చూసి ఉత్సాహంగా లేచారు.

"శుభవార్త అమ్మా! తమ భర్త మరణానంతరం తమకు వితంతు పింఛను దానంతటదే మంజూరైంది. దరఖాస్తుతో నిమిత్తం లేదు. అదీ సాంకేతికత! ఒక్క ఫోటో దిగితే సరి."

నేనే తీయాలి. చక్రవేణమ్మ గారిని గోడ దగ్గర నిలబెట్టి ఫోను ఎత్తాను. యంత్రం తీసుకోలేదు. 'బొట్టు కనబడుచున్నది' అని రాసి చూపించింది.

"అదొక్కటీ తుడిచెయ్యండమ్మా," అన్నారు కమలనాభం గారు. "ఒక్క క్షణం. ఫోటో అయిన వెంటనే యథావిధిగా పెట్టుకోవచ్చు. దానికి మా అభ్యంతరం లేదు."

నా చేతిలో ఫోను అలాగే ఉంది. అందులోంచి ఆవిడ మొహం కనబడుతోంది. అంత కోపం నేనెప్పుడూ ఫోటో తీయలేదు, అప్పుడూ తీయలేకపోయాను. ఫోను దించేశాను.

"ఏం మాటండీ అది?" అందావిడ. "నా మొగుడు నా పక్కన నిలబడి ఉంటే నన్ను బొట్టు చెరుపుకోమంటారా? ఆడి చెయ్యి ఇదిగో, నా చేతిలో వెచ్చగా ఉంది, పట్టుకు చూడండి! మా పక్కింటి లోవమ్మ మొగుడు నిజంగా పోయాడు. ఆ పింఛను కోసం అది మీ మెట్లన్నీ అరగదీసింది. దానికియ్యరు గానీ, నాకు పిలిచి ఇస్తారా?"

కమలనాభం గారు ఫోనులో వెతికారు. "లోవమ్మ భర్త గవర్రాజు... సజీవుడమ్మా. ఇస్తే నిబంధనలకు విరుద్ధం."

ఆవిడ ఇంకేదో అనబోయి ఆగిపోయింది.

"గవర్రాజు బతికున్నాడా అండీ?"

"నిక్షేపంగా."

"అయితే కంటాపరేషను చేయించుకోవచ్చా?"

"సంపూర్ణముగా అర్హుడు."

చక్రవేణమ్మ గారు ఆయనకి నమస్కారం పెట్టి, మొగుడి చెయ్యి పట్టుకుని చకచకా బయటికి నడిచారు.

లోవమ్మ కాదనలేదు. "బతికున్నన్నాళ్ళూ ఎవరేం అడిగినా ఇచ్చేసేవోడక్కా మా ఆయన. పోయాక ఒద్దంటాడా? పట్టుకెళ్ళండి," అని కార్డు తీసిచ్చింది. గొడవంతా తాతబ్బాయి గారిది.

"గవర్రాజుగాడి పేరెట్టి పిలిస్తే నేను పలకాలా? పేకాటలో ముక్కలు దాచేవోడాడు!"

"కళ్ళొచ్చాక మానేద్దురుగాని. అందాకా పలకండి," అన్నారు చక్రవేణమ్మ గారు.

శిబిరంలో ఇబ్బందేమీ రాలేదు. కార్డు మీద ఫోటో ఉంది చూశారూ, అది నేను తీసింది కాదు. అందులో మనిషి గవర్రాజులా ఉండడు, తాతబ్బాయిలా ఉండడు, అసలు మనిషిలానే ఉండడు. అందుచేత అందరికీ సరిపోతుంది. దివ్యదృష్టి పచ్చలైటు వేసింది. భార్య సంతకం కావాలన్నారు గనుక లోవమ్మ కూడా వెంట వచ్చింది. అక్కడ నర్సు "గవర్రాజూ! గవర్రాజూ!" అని కేకేస్తుంటే తాతబ్బాయి గారు పళ్ళు కొరుక్కుంటూ "ఊఁ" అన్నారు.

కట్లు విప్పే రోజున కమలనాభం గారు పరివారంతో దిగారు. మొన్నటి పొరపాట్ల మీద పేపర్లో ఏదో వచ్చిందట. పైవాళ్ళు ఒక విజయగాథ పంపమన్నారు. బెంచీల మీద కట్లతో కూర్చున్నవాళ్ళందరిలోకీ మీసం బావుందని తాతబ్బాయి గారిని ఎంచుకున్నారు. ఆఫీసులో రెండుసార్లు ఎదురుగా నిలబడిన మనిషిని ఆయన గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి చూసి ఉండాలి కదా.

"లబ్ధిదారుడు ధర్మపత్నీ సమేతంగా ఉండాలి," అన్నారు. "ధర్మపత్ని ఎవరు?"

లోవమ్మ వణుకుతూ ముందుకొచ్చింది. కమలనాభం గారు ఆవిణ్ణి ఫోనులోంచి చూసి నొచ్చుకున్నారు.

"ఏమమ్మా, భర్త నిక్షేపంగా ఉండగా బొట్టు లేకుండా రావడమేమిటి? యంత్రం ఒప్పుకోదు."

లోవమ్మ తల దించుకుంది. అప్పుడు నా వెనక నిలబడిన చక్రవేణమ్మ గారు ముందుకెళ్ళి, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, లోవమ్మ గడ్డం పట్టుకుని నుదుట ఇంత బొట్టు పెట్టారు.

"ఏడవకే. చెదిరిపోద్ది," అన్నారు నెమ్మదిగా. ఏడుస్తున్నది ఇద్దరూ.

డాక్టరు కట్లు విప్పాడు. తాతబ్బాయి గారు రెప్పలు టపటప కొట్టుకున్నారు. కమలనాభం గారు ఆయన వెనక నిలబడి, ఇంత లావు బంతిపూల దండ తెప్పించి స్వహస్తాలతో మెడలో వేశారు. అధికారులందరూ సర్దుకుని నిలబడి నవ్వారు. ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది. కానీ నేను ఆలోచించవలసిన పని లేదని మొదట్లోనే చెప్పారు కదా. దివ్యదృష్టి ఎత్తిపట్టాను.

"కెమెరా వైపు చూడు గవర్రాజూ!" అని అరిచారందరూ.

ఆయన చూడలేదు. నా భుజం మీదుగా, మళ్ళీ నా వెనక్కి వచ్చి నిలబడ్డ చక్రవేణమ్మ గారికేసి చూస్తున్నారు. తీసేశాను.

ఠంగుమంది.

కమలనాభం గారు ఫోనులోకి చూశారు. తలెత్తి తాతబ్బాయి గారిని చూశారు. మళ్ళీ ఫోనులోకి చూసి నిర్ణయానికొచ్చారు. నవ్వు చెరిపేసుకుని, లోవమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, తమ భర్త గవర్రాజు గారి ఆకస్మిక మరణానికి పురపాలక సంఘం తరఫున ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను. తమకు వితంతు పింఛను ఈ క్షణం నుంచి మంజూరైంది."

దివ్యదృష్టి వచ్చాక మా ఊళ్ళో తప్పులేకుండా నమోదైన చావు అదొక్కటే.

లోవమ్మ బిత్తరపోయి అక్కడే నిలబడిపోయింది. ఆవిడ చెయ్యి ఒకరూ, తాతబ్బాయి గారి చెయ్యి ఒకరూ పట్టుకుని, ఇంకెవరికైనా ఏదైనా గుర్తొచ్చేలోపు గేటు దాటించేశాం. ఆటో ఎక్కాక తాతబ్బాయి గారు దండ తీసి పక్కన పడేశారు. నల్ల కళ్ళద్దాలు కిందికి దించి, ఎదురుగా కూర్చున్న పెళ్ళాం మొహంలోకి వంగి, ఎండలో తిప్పి తిప్పి చూశారు. నెరిసిన జుట్టు చూశారు, కళ్ళ కింద ముడతలు చూశారు.

"ఏమే," అన్నారు. "ఇంత ముసిల్దానివి ఎప్పుడయిపోయావే?"

చక్రవేణమ్మ గారు ఆయన కళ్ళద్దాలు పైకి తోసి సరిచేశారు.

"తమరు పోయిన కాడ్నుంచీ," అన్నారు.